చందమామ ధారావాహికలు: దాసరి సుబ్రహ్మణ్యముగారి కథాకథనము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభలో భారత భాగవతములను గూర్చి ప్రసంగింపుమని కొందరు మిత్రులు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొని, రాత్రులు ఈ గ్రంథాలయపు పుస్తకములను ముందిడుకొని, నిఘంటువు సాయమున నాలుగు ప్రబంధములు చదువుకొన్నవాడను. అట్టివాడు భారతమును గూర్చి చెప్పుటకంటె, చిన్ననాటినుండి తనకు తెలిసిన ఒక కథకుని గూర్చి చెప్పుట మేలని తలచితిని. ఆయన పేరు దాసరి సుబ్రహ్మణ్యము. ఈ పేరు మీలో అనేకులు వినియుండరు. కాని తోకచుక్క, రాకాసిలోయ, పాతాళదుర్గము, మాయాసరోవరము అనిన చాలును, ఏబదియేండ్లు దాటినవారి ముఖములు వికసించుట నేనిచ్చటినుండియే చూచుచున్నాను.

ఈ విషయమును ఎన్నుకొనుటకు మరియొక కారణము కలదు. రాబోవు సంఘ సమావేశములో ఒక ప్రతిపాదన చర్చకు రానున్నది. ఉద్యోగ పరీక్షల పుస్తకములకు చోటు చాలకున్నది కావున, పిల్లల కథల బీరువాను ఖాళీచేసి, పాత చందమామ సంపుటములను తూకమునకు అమ్మివేయవలెనని ఆ ప్రతిపాదన. దానిని తెచ్చినవారు మంచివారు. వారి ఆవేదన న్యాయమైనది. వాన నమ్మరాని ఈ సీమలో, వేరుసెనగ పంట మూడేండ్లకొకసారి చేతికి వచ్చిన గొప్ప యనుకొను మన యిండ్లలో, బిడ్డకు ఉద్యోగము కావలెననుట అత్యాశ కాదు. అయినను, ఏ ఆస్తినైనను అమ్ముటకు ముందు దాని విలువ కట్టుట లెక్కలవాని ధర్మము. ఆ విలువ కట్టుటకే నేడు మీ ముందు నిలిచితిని.

మొదట చరిత్ర రెండు మాటలలో మనవి చేసెదను. చందమామ 1947 జూలైలో మదరాసునందు బి. నాగిరెడ్డి, చక్రపాణిగారల పూనికతో తెలుగు, తమిళ భాషలలో వెలువడినది. కొలది కాలమునకే కన్నడాది భాషలలోను వచ్చినది. మన రాయదుర్గము తాలూకా 1953 అక్టోబరు 1వ తేదీవరకు బళ్లారి జిల్లాలోనిది. నేటికిని మన వీధులలో రెండు భాషలును వినబడును. కావున ఒకే కథను అన్న తెలుగులోను, చెల్లెలు కన్నడములోను చదివి, మాంత్రికుడు ఎట్లు చచ్చునో యని వాదులాడిన ఇండ్లును ఈ ప్రాంతమున నుండినవి.

దాసరి సుబ్రహ్మణ్యముగారు 1932లో గుంటూరు జిల్లాలో జన్మించిరి. 1952లో, ఇరువదియేండ్ల ప్రాయమున, చందమామ సంపాదకవర్గములో చేరిరి. ఆ యేడే కొడవటిగంటి కుటుంబరావుగారును ఆ పత్రికలో చేరి, 1980లో కీర్తిశేషులగువరకు దానిని తీర్చిదిద్దిరి. సుబ్రహ్మణ్యముగారు 2006వరకు, అనగా ఏబదినాలుగు సంవత్సరములు, ఒకే పత్రికను సేవించిరి. 1954లో తోకచుక్కతో ఆరంభించి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము, శిథిలాలయము, రాతిరథము, యక్షపర్వతము, మాయాసరోవరము, భల్లూక మాంత్రికుడు అను పండ్రెండు ధారావాహికలను చందమామకు వ్రాసిరి. 2010 జనవరిలో స్వర్గస్థులైరి. 2013 నాటికి చందమామ ప్రచురణమును నిలిచిపోయినది. ఇంత వ్రాసినను, ఆ కథలమీద కర్త పేరు అచ్చుపడలేదు. అది ఆ పత్రిక పద్ధతి. చదివినవారికి కథ తెలియును, కథకుడు తెలియడు.

ఇక ఆయన శిల్పమును గూర్చి నాకు తోచిన ఐదు లక్షణములను విన్నవించెదను.

మొదటిది, కథను తెంపుటయు మరల అతుకుటయు. నెలకొకసారి వచ్చు కథకు ఒక చిక్కు కలదు. ముప్పది దినములలో పిల్లవాడు కథ మరచిపోవచ్చును. క్రొత్తగా చందా కట్టినవానికి వెనుకటి కథ అసలే తెలియదు. లెక్కలు వ్రాయువారికిది క్రొత్త చిక్కు కాదు. చిట్టాలో ప్రతి పుటకును పైన వెనుకటి నిలువ వ్రాయుదుము. అడుగున ఆఖరు నిలువ తేల్చుదుము. అట్లు వ్రాసిన పుస్తకమును ఏ పుటయొద్ద తెరచినను లెక్క అర్థమగును. సుబ్రహ్మణ్యముగారి కథకు పైన నాలుగైదు పంక్తులలో వెనుకటి కథ యుండును. అడుగున ఒక ప్రమాదమో, ఒక ప్రశ్నయో నిలువగా మిగులును. వచ్చు నెల కథ సరిగా ఆ నిలువతోనే ఆరంభమగును. నడుమ ఒక పైసయు పోదు.

మన పూర్వులు దీనిని ఎరుగకపోలేదు. నాటకశాస్త్రములో బీజము, బిందువు, పతాక, ప్రకరి, కార్యము అని ఐదు అర్థప్రకృతులు చెప్పబడినవి. అవాంతర వృత్తాంతముచేత ప్రధాన కథ తెగిపోవునట్లున్నపుడు దానిని మరల అందుకొని సాగించునది బిందువు. నీటిమీద వేసిన నూనెచుక్కవలె అది కథయంతట వ్యాపించును. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడు తన వెంట వచ్చు గోపకుమారునకు ఒక్కొక్క మజిలీయందు ఒక్కొక్క కథ చెప్పును. కథ ఆశచే పిల్లవాడు తరువాతి మజిలీకి నడచును. చందమామ సంచిక యనునది నెలకొక మజిలీ. నడచుటకు బదులు పాఠకుడు వేచియుండవలెను. మబ్బును చూచుచు వేచియుండుట అలవాటైన మన ప్రాంతపు బిడ్డకు ఆ వేచియుండుటలోని రుచి వేరుగా బోధింపనక్కర లేదు.

రెండవది, జంటనాయకులు. ఆయన కథలలో నాయకుడు ఒంటరిగా తిరుగుట అరుదు. రాకాసిలోయలో కేశవుడును జయమల్లును, శిథిలాలయములో శిఖిముఖియు విక్రమకేసరియు, రాతిరథ యక్షపర్వతములు రెంటను ఖడ్గవర్మయు జీవదత్తుడును, మాయాసరోవరములో జయశీలుడును సిద్ధసాధకుడును. ఇది కేవలము స్నేహధర్మమును బోధించుటకు పెట్టినది కాదు. ఇందు కథకుని ఉపాయము కలదు. ఒంటరివాడు అడవిలో ఏమి తలచుచున్నాడో చెప్పవలెనన్న కథకుడు తానే నోరు విప్పవలెను. ఇద్దరున్నచో వారే మాటలాడుకొందురు. ఒకడు కత్తి దూయుదమనును; ఇంకొకడు ఆగి చూతమనును. ఆ వాదములోనే ఆపద యెట్టిదో, దారులెన్నో, ఏ దారి యెట్లు చెడునో పాఠకునకు తేటపడును. ఖడ్గవర్మకు ఖడ్గము, జీవదత్తునకు మంత్రదండము. ఒకనిది వేగము, ఒకనిది విచారము. పిల్లవాడు ఇద్దరినుండియు నేర్చుకొనును. ఎవరును పాఠము చెప్పినట్లుండదు.

మరియొక విశేషము. ఆ జంటలో ఇద్దరును రాజపుత్రులే కానక్కర లేదు. శిఖిముఖి అడవిజాతి నాయకుని కొడుకు. అతని మిత్రుడు విక్రమకేసరి క్షత్రియుడు. ముగ్గురు మాంత్రికులలోని పింగళుడు చెరువులో వల వేసి తల్లిని పోషించు యువకుడు. ఆ కథారంభమున అరబ్బీ కథలలోని జూదర్ అను జాలరి వృత్తాంతపు ఛాయలు కనబడును. అయినను పద్మపాదుడను మాంత్రికుడు వచ్చి పింగళుని వెంటబెట్టుకొని పోవునప్పటికి ఆ కథ మన కొండలలో, మన మాటలలో నడచుచుండును. ఎరవు తెచ్చిన విత్తనమును మన చేనిలో మొలిపించుట ఒక విద్య.

మూడవది, నామకరణము. తోకచుక్కలో ఇద్దరు మాంత్రికులు కలరు. ఒకడు ఏకాక్షి; ఒకడు చతుర్నేత్రుడు. పేరు వినగానే రూపము కన్నులకు కట్టును. ఒక కన్నువాడును నాలుగు కన్నులవాడును పోరాడిన ఎట్లుండునో యను కుతూహలము పుట్టును. చతుర్నేత్రుని యొద్ద గుడ్లగూబయు నరవానరమును సేవకులు. భల్లూక మాంత్రికునిలో ఉగ్రదండుడు, మాయామర్కటము. ఇట్టి పేరొకటి ఇచ్చినచో పది పంక్తుల వర్ణన మిగులును.

ఇందు మరియొక లాభము కలదు. పరీక్షల పుస్తకములు కోరు పెద్దలు దీనిని గమనింతురు గాక. శిథిలాలయము అను మాట తీసికొనుడు. శిథిలమైన ఆలయము, కర్మధారయము. శిథిల, ఆలయ పదముల నడుమ సవర్ణదీర్ఘసంధి. రాతిరథములో రాయి యనునది రాతి యైనది. ఔపవిభక్తికమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము లేదు. అచ్చతెలుగు రాతికి సంస్కృత రథమును పూన్చుటచే అది మిశ్రసమాసము. ఏకాక్షి యనగా ఒక కన్ను గలవాడు, బహువ్రీహి. నా విషయము చెప్పవలెనన్న, వ్యాకరణ పుస్తకము తెరచునప్పటికే ఈ సమాసములు నాకు పాత మిత్రులు. సూత్రము తరువాత వచ్చినది. లక్ష్యము ముందే నోటికి వచ్చియుండెను. ప్రబంధముల గడప దాటుటకు నాకు చేయి యిచ్చినవారిలో ఈ పేరు లేని కథకుడొకడు.

నాలుగవది, వర్ణనయందలి పొదుపు. ప్రబంధమున నగర సముద్ర శైలాది అష్టాదశ వర్ణనలు ఉండవలెనని నియమము. వర్ణన వచ్చినపుడు కథ నిలిచి విశ్రమించును. అది ఆ కావ్యముల సొగసు. కాని పదేండ్ల బాలుడు నిలువడు. సుబ్రహ్మణ్యముగారు లోయను వర్ణింపవలసినచో ముందుగా నాయకుని ఆ లోయలోనికి దింపుదురు. కాలు జారినపుడు బండ కనబడును. దాగవలసినపుడు పొద కనబడును. దప్పిక యైనపుడు ఏరు కనబడును. అక్కర కలిగినపుడే వస్తువు కంటబడును. ప్రక్కపుటలో చిత్రాగారి బొమ్మ యుండుటచే మాటలతో చెప్పవలసిన భారము మరికొంత తగ్గెను. భాషయు వాడుకభాష. నేను ఈ సభామర్యాదకు తగినట్లు గ్రంథభాషలో మాటలాడుచున్నాను గాని, ఆయన ఒక్క చిన్నవానినైనను నిఘంటువు కొఱకు లేపలేదు. కథలోని పేర్లు సంస్కృత సమాసములు, కథ చెప్పు తీరు ఇంటిమాట. ఈ రెంటి కలయికయే ఆ వచనమునకు రుచి.

ఐదవది, మాయకు కట్టుబాటు. ఇది అన్నిటికంటె ముఖ్యమైనది. మంత్రముచేత ఏమైనను జరుగునన్నచో కథలో భయము లేదు, ఆశ లేదు. భరతముని అద్భుతరసమునకు విస్మయము స్థాయిభావమనెను. ప్రతి పంక్తిలోను వింత జరిగినచో విస్మయము నిలువదు, అలవాటగును. సుబ్రహ్మణ్యముగారి మాంత్రికులు సర్వశక్తిమంతులు కారు. ఒకని శక్తికి ఇంకొకని శక్తి అడ్డు. తోకచుక్కలోని సేనాని సమరసేనుడు ఇద్దరు మాంత్రికుల వైరము నడుమ చిక్కుకొనిన మామూలు మనుష్యుడు. అతనికి మంత్రము రాదు. ధైర్యము, ఓర్పు, సమయస్ఫూర్తి, ఇవియే అతని ధనము. బలవంతులిద్దరు కలహించుచుండగా బలహీనుడు బుద్ధిచే బ్రతుకుట ఎట్లో ఆ కథ చూపును. మన వంటి మెట్టసీమవారికి ఇది పనికిరాని విద్య యని ఎవరనగలరు?

ఈ కట్టుబాటుతోపాటు హాస్యమును చేర్చుట ఆయన నేర్పు. భయానకము మితి మీరినపుడు సిద్ధసాధకుడు శూలమెత్తి మహాకాలుని పేర ఒక కేక వేయును, పిల్లలు నవ్వుదురు. ఆయన రాక్షసులును అప్పుడప్పుడు భయపడుదురు, అలుగుదురు, మోసపోవుదురు. నవ్వు వచ్చిన పిమ్మట మరల భయము క్రొత్తగా పుట్టును. రసములను ఇట్లు మార్చి మార్చి వడ్డించుట పెద్ద కవులకు తెలిసిన పని. మన సీమలోని నంద్యాల కృష్ణరాజునకు అంకితమైన కళాపూర్ణోదయమున పింగళి సూరన సింహముపై తిరుగు మణిస్తంభ సిద్ధుని సృష్టించి, కథను చిక్కుముడిగా అల్లి, ఆ ముడిని ఎంతో దూరము పోయిన పిమ్మట గాని విప్పలేదు. అద్భుతకథ బాలురకే తగునని తలచువారు ఆ కావ్యమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. సూరన నాటినుండి సుబ్రహ్మణ్యముగారి వరకు ఇది ఒకే త్రోవ. ఒకటి రాజసభకు పోయినది. ఒకటి బడిపిల్లల సంచిలోనికి వచ్చినది.

గుణములనే చెప్పి దోషములను దాచుట విమర్శ కాదు. పండ్రెండు కథలను వరుసగా చదివినవారికి కొన్ని ఘట్టములు మరల మరల వచ్చినట్లు తోచును. అడవి, బందీ యగుట, తప్పించుకొనుట, ఇంకొక మాంత్రికుడు, ఈ చక్రము తిరుగుచుండును. స్త్రీపాత్రలు తక్కువ. మాయాసరోవరములోని కాంచనమాలవలె అపహరింపబడి, ఇతరులు వచ్చి విడిపించువరకు వేచియుండు రాకుమార్తెలే ఎక్కువ జ్ఞప్తికి వత్తురు. నేటి మన బాలికలు ఈ లోపమును వెంటనే పట్టుకొందురు, పట్టుకొనవలెను. ఆ లోపము తీర్చు కథలు వారే వ్రాయుదురు గాక.

మంత్రతంత్రముల కథలు మూఢనమ్మకములను పెంచునని మరియొక ఆక్షేపణ కలదు. దీనిని తేలికగా త్రోసివేయరాదు. మన పల్లెలలో నేటికిని జ్వరము వచ్చిన బిడ్డను వైద్యునికంటె ముందు మంత్రగానికి చూపువారు లేకపోలేదు. కాని ఈ కథలలో మాంత్రికుడు పూజింపబడడు. అతడు లోభి, అహంకారి; తుదకు ఓడిపోవువాడు. అతనిని చూచి వణకినవాడు చెడును. అతని పన్నాగమును కనిపెట్టినవాడు గెలుచును. కుటుంబరావుగారు హేతువాద దృష్టి గల రచయిత. అట్టి సంపాదకుని ఆధ్వర్యవమున ఈ కథలు పెరుగుట యాదృచ్ఛికము కాదని నా నమ్మకము. మంత్రగానిని ప్రశ్నించుట నేర్పిన కథను మంత్రగానికి తోడుగా లెక్కించుట సరికాదు.

ఇక విలువ కట్టుదము. మన బిడ్డలు పరీక్షల పుస్తకములు చదువవలెను. సందేహము లేదు. అయితే ఆ పుస్తకములు చదువుటకు ముందు, గంటసేపు కదలక కూర్చుండి ఒక పుస్తకమును తుదిముట్ట చదువు ఓపిక వారికి రావలెను. ఆ ఓపిక ఎచ్చటినుండి వచ్చును? బెదిరించిన రాదు. తరువాత ఏమైనదో తెలిసికొనవలెనను ఆకలినుండి వచ్చును. ఆ బీరువాలోని సంపుటముల అంచులు అరిగియున్నవి. కొన్నిటికి అట్టలు మూడుసార్లు మార్చితిమి. తూకమునకు అమ్మబోవు పుస్తకమునకు అట్ట ఎవరు మార్చుదురు? కరవు వచ్చి తల్లిదండ్రులు బెంగుళూరు పనులకు పోయినపుడు అవ్వతాతల యొద్ద నిలిచిపోయిన పిల్లలే ఈ బీరువా తలుపు ఎక్కువగా తెరచినవారు. పుస్తకములు ఇచ్చి పుచ్చుకొను రిజిష్టరును చూచువారికి ఇది తెలియును. రాయదుర్గము కొండమీద సిద్ధుల గుహలని జనులు చెప్పుకొను గుహలు కలవు. కథ చదివిన పిల్లవాడు ఆ కొండను చూచినపుడు రాళ్లను మాత్రమే చూడడు. హగరి ఒడ్డున ఇసుకమేటలు తప్ప ఏమియు లేని యెండకాలమున వానికి మాయాసరోవరము కనబడును. ఉన్నదానికంటె వేరొకటి ఉండవచ్చునని తలచగలవాడే ఒకనాడు ఆ ఇసుకలో చెట్టు నాటును.

కావున సంఘమువారికి మూడు విన్నపములు. పరీక్షల పుస్తకములకు క్రొత్త బీరువా కొనుడు. అందులకగు ఖర్చు నేను లెక్క వేసితిని. రజతోత్సవ విరాళములలో మిగులు సొమ్ము అందుకు సరిపోవును. పాత సంపుటములను అమ్మవలదు. ఇది మొదటిది. వారమునకొక సాయంకాలము ఈ మంటపములోనే ఒక ధారావాహికను పెద్దపిల్లలు చిన్నపిల్లలకు బిగ్గరగా చదివి వినిపింపవలెను. చదువురాని అవ్వలును వచ్చి విందురు. ఇది రెండవది.

మూడవది మిక్కిలి చిన్నది. దానికి ఖర్చు లేదు. మన పుస్తకముల పట్టికలో గ్రంథకర్త పేరు వ్రాయు గడి కలదు. చందమామ సంపుటములకు ఎదురుగా ఆ గడి ఇరువదియైదు సంవత్సరములుగా ఖాళీగా నున్నది. పుచ్చుకొన్న సరకునకు ఇచ్చినవాని పేరు వ్రాయక లెక్క ముగించుట మా వృత్తిలో ఒప్పరానిది. ఏ సంపుటములో ఆ పండ్రెండు కథలలో ఏదైనను కలదో, దాని యెదుట "దాసరి సుబ్రహ్మణ్యము" అని వ్రాయుటకు అనుమతి యిండు. వ్రాయు పని నేను చేసెదను. బాలలారా, మీరు నా ప్రక్కన కూర్చుండి సంపుటములను ఒక్కొక్కటిగా అందింపుడు. కాని ఒక నియమము: పుట తెరచిన తరువాత కథలో మునిగిపోయి నా పని ఆపరాదు. ఈ నియమము నిలుచునని నాకు నమ్మకము లేదు.